నూలుపోగు పగ్గాలు

అనగనగా అంటే అలాంటిలాంటి అనగనగా కాదు, మీ తాతల తాతలకి ఇంకా మీసాలు మొలవని అనగనగా. అప్పుడు మరువకొండ అనే రాజ్యాన్ని రణకేతు అనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకి గుర్రాలంటే ప్రాణం. శాలలో వెయ్యి గుర్రాలుండేవి, ఇంట్లో ముగ్గురు కొడుకులుండేవాళ్ళు. పెద్దవాడు జయకేతు గుర్రమెక్కితే దుమ్ము లేచేది. నడిపివాడు విజయకేతు ఎక్కితే పిడుగు పడ్డట్టుండేది. చిన్నవాడు మధుకేతు ఎక్కితే, పాపం, మధుకేతే పడేవాడు.

నవ్వకండి. పడ్డవాడికి తెలుస్తుంది నొప్పి.

సూటిగా పోయినంతసేపూ వాడు బాగానే ఉండేవాడు. మలుపు వచ్చిందా, గుర్రం ఒక దారి, వాడొక దారి. పడ్డప్పుడల్లా మోకాళ్ళు చూసుకునేవాడు కాదు, ముందు మేడమీదున్న తండ్రి మొహం చూసేవాడు. తండ్రి అప్పటికే మొహం తిప్పేసుకుని ఉండేవాడు. ఆయన చెడ్డవాడని కాదు. అంత పెద్ద రౌతు ఇంట ఇలాంటివాడు పుట్టాడేమిటా అని సిగ్గు. 'మా నాయన ఒక్కసారి నన్ను చూసి, బాగుందిరా అంటే చాలు' అని చిన్నవాడు లోపల్లోపలే కుమిలిపోయేవాడు.

ఇలా ఉండగా ఒకరోజు కొలువుకి కంకాళుడనే మాంత్రికుడు వచ్చాడు. నడుందాకా జడలు, చేతిలో ఎముకల కర్ర.

"రాజా, నీ తెల్లగుర్రం నాకియ్యి" అన్నాడు.

"నా గుర్రాన్ని కన్నెత్తి చూడ్డానికి కూడా నువ్వు తగవు, పో" అన్నాడు రాజు.

"చూపు చూసుకునేనా ఇంత పొగరు? అయితే ఆ చూపే పట్టుకుపోతాను" అని మాంత్రికుడు గుప్పిట బిగించాడు. అంతే! రాజు కళ్ళలోని వెలుగు రెండు మిణుగురులై ఎగిరి వాడి గుప్పిట్లో పడింది. రాజుకి లోకం చీకటైపోయింది.

"ఏడు సముద్రాల అవతల నా దీవి ఉంది" అన్నాడు మాంత్రికుడు. "దాని నడుమ ఒక బరి. బరిలో ముగ్గుపిండితో రెండు గీతలు గుండ్రంగా గీసి ఉంటాయి, వాటి మధ్య ఒక్క గుర్రం పట్టేంత దారి. గీత చెరక్కుండా ఆ దారిలో మూడు చుట్లు తిరిగినవాడు నీ చూపు పట్టుకుపోవచ్చు. గీత చెరిపినవాడు రాయైపోతాడు. ఏడాది దాటితే ఈ వెలుగు ఆరిపోతుంది. ఆ తరవాత బ్రహ్మదేవుడు దిగివచ్చినా వెలగదు."

మరి అంత మాయలాడు దారి ఎందుకు చెప్పాడూ అంటారా? వాడికి సరదా అయి కాదు. వాడు తన ప్రాణాన్ని ఒంట్లోంచి తీసి ఒక చిలకలో దాచుకున్నాడు. అలా దాచుకున్నవాడు ఎక్కడో ఒక తలుపు తీసి ఉంచి, అది నలుగురికీ చెప్పి తీరాలి. చెప్పకపోతే మంత్రం నిలవదు. ఆ బరే ఆ తలుపు. బరి నట్టనడుమ పంజరంలో ఆ చిలక, పంజరం కింద భరిణెలో రాజుగారి చూపు.

పెద్దవాడు మీసం మెలేసి ఓడెక్కాడు. మూడు నెలలకి ఒట్టి ఓడ తిరిగొచ్చింది. నడిపివాడు తొడ చరిచి ఓడెక్కాడు. మరో మూడు నెలలకి మళ్ళీ ఒట్టి ఓడ తిరిగొచ్చింది. ఇద్దరూ సగం చుట్టుకే గీత చెరిపి రాళ్ళైపోయారని ఓడవాళ్ళు ఏడుస్తూ చెప్పారు. మూడోసారి ఆ దిక్కుకి ఓడ తిప్పే మొనగాడు దొరకలేదు. అయినా వీధి మలుపులోనే పడేవాడికి ఓడ ఎందుకని మంత్రులు గుసగుసలాడారు.

మధుకేతు తండ్రి దగ్గరికెళ్ళి, "నాయనా, నేను వెళ్తాను" అన్నాడు.

గుడ్డికళ్ళతో కూడా రాజు మొహం పక్కకే తిప్పుకున్నాడు. "ఇద్దరు పోయారు చాలదా? నువ్వు పడటానికి ఇక్కడ నేల లేదా?" అన్నాడు. ఆ మాటలో కోపమెంతో, ఏడుపెంతో ఎవరికీ తెలియలేదు.

చిన్నవాడు గుర్రాలశాల వెనక్కి పోయాడు. అక్కడ ఓబులమ్మ అనే ముసలమ్మ ఉండేది. గుర్రమంటే భయపడేవాళ్ళకీ, పట్టు తెలియనివాళ్ళకీ మొదటి పాఠాలు ఆవిడే చెప్పేది. రాజకుమారులకి మాత్రం సేనాపతి చెప్పేవాడు. సేనాపతికి వచ్చిందల్లా శత్రువు మీదికి సూటిగా దూకించడం. అందుకే ఆ ఇంట్లో ఎవరికీ మలుపు రాలేదు.

"అవ్వా, ఆరునెలలే గడువుంది. నాకు గుర్రం తిప్పడం నేర్పు" అన్నాడు మధుకేతు.

ఓబులమ్మ వాణ్ణి ఎగాదిగా చూసి, తుమ్మెద అనే నల్లటి ఆడగుర్రాన్ని తెచ్చింది. దానికి ఎడమ కన్ను లేదు, వయసు కూడా మళ్ళింది. "గుర్రం గుడ్డిదైనా దాణాలో తక్కువ లేదని దీన్ని చూసి నవ్వుతారు. ఎక్కు నాయనా" అంది.

ఎక్కాడు. గడ్డివాము ఎదురొచ్చింది. ఎడమ పగ్గం పట్టి ఒక్క గుంజు గుంజాడు. తుమ్మెద మెడ మాత్రం ఎడమకి వంచి, కాళ్ళతో సూటిగా నడిచి గడ్డివాములో దూరింది.

"ఇది మొండిది అవ్వా, మాట వినదు!" అన్నాడు, జుట్టులోని గడ్డి దులుపుకుంటూ.

"ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే. నువ్వు దాని మూతి తిప్పావు, దాన్ని తిప్పలేదు" అంది ఓబులమ్మ. తోలు పగ్గాలు విప్పేసింది. కదురుమీద అప్పుడే వడికిన నూలుపోగు తెంపి, కళ్ళేనికి అటొకటి ఇటొకటి కట్టింది. "ఇవే నీ పగ్గాలు. తెగినప్పుడల్లా పాఠం మొదటికొస్తుంది."

ఆ రోజు వాడు పద్నాలుగు పోగులు తెంపాడు. మర్నాడు పదకొండు. శాల వెనక పాఠాలు చెప్పే బరి ఉంది, ఓబులమ్మ దాని గట్టుమీద కూర్చుని వడుకుతూనే ఉండేది. "నువ్వు తెంపడానికీ నేను వడకడానికీ సరిపోతోంది, బట్ట మాత్రం అవడం లేదు" అనేది.

మొదటి పాఠం రెండు గుంజల మధ్య నుంచి పోవడం. వాడు గుర్రం చెవులు చూసేవాడు, కింద డెక్కలు చూసేవాడు, గుర్రం వంకరటింకరగా పోయేది. "చెవులు ఎక్కడికీ పోవు నాయనా, అవి దానికి అతికే ఉన్నాయి. గుంజల అవతల చింతచెట్టుంది చూడు. దాన్ని చూడు. నీ కళ్ళు ముందు అక్కడికి చేరితే ఒళ్ళు తనంతట తానే వస్తుంది" అంది ఓబులమ్మ. నెల తిరిగేసరికి పోగు తెగకుండా గుంజలు దాటాడు.

రెండో పాఠం కుండలు. వరసగా అయిదు నీళ్ళకుండలు పెట్టి, పాము పాకినట్టు వాటి మధ్య నుంచి తిప్పమంది. ఎక్కడ తగులుతుందోనని వాడు కుండనే చూసేవాడు. గుర్రం తిన్నగా పోయి ఆ కుండనే తన్నేది. కుమ్మరివాళ్ళకి పండగైంది.

"భయపడినదాన్నే చూస్తావు, చూసినదాని మీదికే పోతావు. కుండకీ కుండకీ మధ్య ఖాళీ ఉంది కదా, దాన్ని చూడు."

"ఖాళీని ఎలా చూస్తారవ్వా?"

"కళ్ళతో చూడలేకపోతే బొడ్డుతో చూడు. నీ బొడ్డు ఎటు తిరిగితే నడుం అటు, నడుం ఎటైతే గుర్రం అటు. చెయ్యి ఊరికే వెంట రావాలి."

సిగ్గుపడుతూనే బొడ్డు తిప్పాడు. తుమ్మెద తిరిగింది! వాడికి ఎంత ఆనందమైందో చెప్పలేను. అయిదు కుండలూ నిలిచాయి, పోగూ నిలిచింది. అప్పుడు తుమ్మెద మెడ తిప్పి, "హమ్మయ్య, ఇన్నాళ్ళకి నా నోరు నొప్పి తగ్గింది" అంది.

"నువ్వు మాట్లాడతావా!" అని వాడు అదిరిపడ్డాడు.

"మొదట్నుంచీ మాట్లాడుతూనే ఉన్నాను. నువ్వు నా నోరు లాగుతుంటే నీకెలా వినపడుతుంది?"

ఇక మూడో పాఠం. ఓబులమ్మ బరిలో ముగ్గుపిండితో రెండు గుండ్రటి గీతలు గీసి, తను నడుమ నిలబడింది. "నా చుట్టూ తిరుగు. లోపలి కాలు గుంజలా నిలబెట్టు, గుర్రం దాని చుట్టూ వంగాలి. అంతే."

అంతే అన్నది అంతతో పోలేదు. వాడు సగం చుట్టు బాగా తిరిగేవాడు, తరవాత చుట్టు చిన్నదయ్యేది, ఇంకా చిన్నదయ్యేది, చివరికి తుమ్మెద ముక్కు వచ్చి ఓబులమ్మ భుజానికి ఆనేది. రోజూ అదే వరస. నెల గడిచింది. రెండు నెలలు గడిచాయి.

"మళ్ళీ నా నెత్తిమీదకే తెచ్చావు" అంది ఓబులమ్మ ఒకరోజు. "ఎందుకో తెలుసా? తిరుగుతున్నంతసేపూ నా మొహమే చూస్తున్నావు."

మధుకేతు తలవంచుకున్నాడు. "బాగుందంటావేమోనని చూస్తాను అవ్వా."

"అనకపోతే?"

వాడికి కన్నీళ్ళు ఆగలేదు. "మా నాయన నన్నెప్పుడూ చూడలేదు. ఎవరో ఒకరు చూస్తేగాని నేను చేసింది చేసినట్టుండదు."

ఓబులమ్మ కదురు పక్కన పెట్టి వచ్చి గుర్రం మెడమీద చెయ్యేసింది. "నాయనా, నడుమ నిలబడ్డవాళ్ళ పని చూడటం, చుట్టూ తిరిగేవాడి పని తిరగటం. నువ్వు నా పని చేస్తే నీ పని ఎవరు చేస్తారు? రేపట్నుంచి నీకు వీపు పెట్టి నిలబడతాను. నీ ముందు పదడుగుల దూరంలో దారి ఎక్కడుందో అదే చూడు."

అన్నట్టే వీపు పెట్టింది. బాగుందనీ అనలేదు, బాగోలేదనీ అనలేదు. మొదట వాడికి అడవిలో వదిలేసినట్టనిపించింది. ఇరవై రోజులకి అలవాటైంది. ఇరవై ఒకటో రోజున గీత చెరక్కుండా మూడు చుట్లు తిరిగాడు. ఓబులమ్మ వెనక్కి తిరక్కుండానే, "వెళ్ళిరా" అంది.

"చూడకుండానే ఎలా తెలిసింది అవ్వా?"

"గిట్టల చప్పుడు సమంగా ఉంది" అంది. కొత్త నూలుపోగులు కట్టి పంపించింది.

సముద్రపు ఒడ్డున తుమ్మెద చెప్పింది: "నా మీదున్నవాడి చూపు చెదరకపోతే నేను నీళ్ళమీద నడుస్తాను. చెదిరితే ఇద్దరం మునుగుతాం." మొదటి మూడు సముద్రాలు కొండంత అలలతో లేచాయి. మధుకేతు అలలు చూడలేదు, అవతలి ఒడ్డు చూశాడు. తరవాతి మూడు సముద్రాలనిండా సుడిగుండాలు. వాడు సుడిని చూడలేదు, సుడికీ సుడికీ మధ్య ఖాళీని చూశాడు. ఏడో సముద్రం మాత్రం ఊరికే పడుకుని ఉంది, అలసిపోయిందేమో.

దీవి చేరేసరికి తెల్లవారుతోంది. బరి దగ్గర ఒక పిల్ల ఒంగుని ముగ్గుపిండితో గీత గీస్తోంది. పేరు ఇందుకళ. ఆమెదీ ఒక రాజ్యమే. ఒకనాడు తన ముగ్గు తొక్కాడని కంకాళుణ్ణి గాడిదని తరిమినట్టు వాకిట్లోంచి తరిమింది, ఆ కోపంతో పట్టుకొచ్చి ఈ పనిలో పెట్టాడు వాడు. బరి చుట్టూ వందల రాళ్ళు. అందులో రెండు రాళ్ళకి అన్నల పోలికలున్నాయి.

"మీరూ వచ్చారా చావడానికి?" అంది ఆ పిల్ల జాలిగా.

"తిరగడానికి వచ్చాను. ఇంత పెద్ద గీత వంకర లేకుండా ఎలా గీస్తావు?" అని అడిగాడు.

"చెయ్యి చూసుకుంటే వంకర పోతుంది. నేను రాబోయే చుక్క మీద కళ్ళు పెడతాను, చెయ్యి దానంతట అదే అక్కడికి పోతుంది."

మధుకేతు నవ్వాడు. "మీ ఊళ్ళోనూ ఓబులమ్మ ఉందన్నమాట!" అన్నాడు. ఆమెకి అర్థం కాలేదు గానీ, ఇక్కడ నవ్విన మనిషిని చూసి ఎన్నాళ్ళో అయింది. కాసేపు ఆలోచించి, పిండి తీసుకుని రెండు గీతల మధ్య దారి పొడుగునా పదడుగులకో చుక్క పెట్టుకుంటూ పోయింది.

కంకాళుడు వచ్చి చూసి, "ఈ చుక్కలేమిటే?" అని గద్దించాడు.

"ముగ్గన్నాక చుక్కలుండవా?" అంది ఇందుకళ. వాడికి మంత్రాలు తెలుసుగానీ ముగ్గులేం తెలుసు! చుక్కల్ని అలాగే వదిలేశాడు. నూలుపోగు పగ్గాలు చూసి మాత్రం దీవి దద్దరిల్లేలా నవ్వాడు.

మధుకేతు బయల్దేరాడు. మొదటి చుట్టులో పంజరంలోని చిలక, "ఆహా రాజకుమారా, ఎంత అందంగా తిరుగుతున్నావు! ఇటు చూడు, నీకు హారతిస్తాను" అని పాడింది. మధుకేతు చుక్క చూశాడు. రెండో చుట్టులో అన్నల గొంతులతో రాళ్ళు, "తమ్ముడూ, ఇటు చూడరా, కాపాడరా" అని ఏడ్చాయి. మధుకేతు పళ్ళ బిగువున చుక్కే చూశాడు. వాళ్ళని కాపాడే దారి కూడా అదే కదా.

మూడో చుట్టుకి కంకాళుడికి చెమట పట్టింది. చెయ్యి విసిరాడు. సుడిగాలి లేచి రెండు నూలుపోగుల్నీ ఫట్మని తెంపేసింది. మధుకేతు చేతిలో ఇక ఏమీ లేదు. "నా వీపుకి నీ చూపు తెలుస్తోంది, కానియ్యి" అంది తుమ్మెద. వాడు బొడ్డు తిప్పాడు, లోపలి కాలు నిలబెట్టాడు, చుక్క నుంచి చుక్కకి పోతున్నాడు.

అప్పుడు నడుమ నుంచి ఒక గొంతు వినపడింది.

"చిన్నోడా! నాకు చూపొచ్చిందిరా. నిన్నే చూస్తున్నాను. ఎంత బాగా తిప్పుతున్నావురా! ఒక్కసారి ఇటు తిరుగు, నీ మొహం చూడనీ."

అది తండ్రి గొంతే. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ వాడు వినాలనుకున్న మాట అదే. మెడ తనంతట తానే తిరగబోయింది. తుమ్మెద ముందుకాలు లోపలికి తూలింది. గీతకీ డెక్కకీ మధ్య బెత్తెడు చోటే మిగిలింది. ఇందుకళ కళ్ళు మూసుకుంది.

'నిజంగా మా నాయనే అయితే, నన్ను చూస్తూ ఉంటే, నేను తిరక్కపోయినా చూస్తాడు' అనుకున్నాడు మధుకేతు. 'చూడనివాడైతే నేను తిరిగి మాత్రం ఏం లాభం? ఇంటిదగ్గర గుడ్డివాడై కూర్చున్న నాయనకి కావలసింది నా మొహం కాదు, ఈ చుట్టు.' కళ్ళనిండా నీళ్ళు. ఆ నీళ్ళలోంచే ముందున్న చుక్కని చూశాడు. తరవాత చుక్కని చూశాడు. ఆ తరవాత వచ్చింది బయల్దేరిన చోటి చుక్కే, మూడో చుట్టు అయిపోయింది.

పంజరం తలుపు దానంతట అదే తెరుచుకుంది. చిలక మెడ విరిచేస్తాడనుకుని కంకాళుడు కెవ్వుమన్నాడు. మధుకేతు దాన్ని ముట్టుకోలేదు, "పో తల్లీ, నీ దారిన నువ్వు పో" అన్నాడు. చిలక ఆకాశంలోకి ఎగిరింది. "నా ప్రాణం! నా ప్రాణం!" అని కంకాళుడు తలెత్తి దాన్నే చూస్తూ, దాని వెనకే పరిగెత్తి, కొండకొమ్ము అయిపోయిందని కూడా చూసుకోకుండా సముద్రంలో పడిపోయాడు. మళ్ళీ తేలలేదు. రాళ్ళన్నీ ఒళ్ళు విరుచుకుని మనుషులై లేచాయి. అన్నలిద్దరూ తమ్ముణ్ణి వాటేసుకుని భోరుమన్నారు.

భరిణె తీసుకుని, అందరూ కలిసి ఓడ కట్టుకుని ఇల్లు చేరేసరికి గడువుకి ఒక్కరోజే మిగిలింది. భరిణె మూత తియ్యగానే మిణుగురులు రెండూ ఎగిరి రాజు కళ్ళలో చేరాయి. రాజు పెద్దవాణ్ణి చూశాడు, నడిపివాణ్ణి చూశాడు. చిన్నవాణ్ణి చూసి ఈసారి మొహం తిప్పుకోలేదు. చివరికి, "ఎలా తిప్పావో నాకొకసారి చూపించరా" అన్నాడు.

ఓబులమ్మ బరిలోనే ముగ్గు గీసింది ఇందుకళ. రాజు నడుమ నిలబడ్డాడు. మధుకేతు తుమ్మెదనెక్కి మూడు చుట్లు తిరిగాడు, ఒక్కసారైనా తండ్రివైపు చూడకుండా. రాజు మాత్రం వాడితోపాటే ఉన్నచోటునే గిరగిరా తిరుగుతూ ఉండిపోయాడు. గుర్రం ఆగాక వాడు తలెత్తి చూశాడు. తండ్రి గడ్డమంతా తడిసి ఉంది.

"మూడు చుట్లూ చూశానురా" అన్నాడు రాజు. "రెప్ప కూడా వెయ్యలేదు. చూడవలసిన రోజుల్లో చూడలేదురా చిన్నోడా."

గట్టుమీద ఓబులమ్మ అటు తిరిగి కూర్చుని వడుకుతూనే ఉంది. ఏడుస్తోందో నవ్వుతోందో వీపుని బట్టి ఎలా చెప్తాం?

ఆపైన మధుకేతుకీ ఇందుకళకీ పెళ్ళైంది. తలంబ్రాల రోజున ఊరి వాకిళ్ళన్నీ ముగ్గులే. "మాకు సూటిగా పోవడమే వచ్చు, రాజ్యానికి మలుపులెక్కువ, తమ్ముడే ఏలాలి" అన్నారు అన్నలు. వాడు పిల్లలు పెద్దలయ్యేదాకా, పెద్దలు తాతలయ్యేదాకా చల్లగా ఏలాడు. రాజైనా పొద్దున్నే బరికి పోయేవాడు. అక్కడ తన ఆరేళ్ళ కూతురు నూలుపోగు పగ్గాలు పట్టుకుని, నడుమ నిలబడ్డ తండ్రి చుట్టూ తిరుగుతూ, మాటిమాటికీ మెడ తిప్పి అడిగేది: "నాన్నా, బాగా తిప్పుతున్నానా?"

"నన్ను చూడకు తల్లీ, ముందుకి చూడు" అనేవాడు మధుకేతు. "నేను చూస్తూనే ఉన్నాను."

మన కథా మూడు చుట్లు తిరిగొచ్చింది. ఇక గుర్రం దిగి కాళ్ళు కడుక్కోండి, అన్నం చల్లారిపోతోంది.